పాట ఎముకలు

గడియారం సెంటర్‌ల, ఎరువుల దుకాణం మీద
ఒక్కటే అర్ర, ఆరు బల్లలు.
పాత ఊర్ల నక్షాలను కంప్యూటర్లకెక్కించే పని మాది.
ఎవని చెల్క ఎక్కడ ఆగుతదో
ఎవని బాట ఎవని ఒడ్డు మీదికెళ్లి పోతదో
పొద్దంతా గీతలు గీస్తం.
మాకూ మాకూ నడుమ మాత్రం
ఒక్క గీత లేదు.

మల్సూరు సార్ ఫోనెత్తితే
ఆయన బిడ్డ హాస్టల్ ఫీజు అందరం కట్టినట్టే ఉంటది.
జానయ్య తుమ్మితే అయిదుగురం నూరేండ్లంటం.

నాకేమో సన్నాయి లేకుంటే చెయ్యి నడువదు.
పెండ్లి సన్నాయి కాదు.
ఎండకాలం రాత్రి ఎవరో తనకోసమే
తను ఊదుకున్నట్టుండే నెమ్మది సన్నాయి,
దాని కింద ఎక్కడో
తొందర లేని డోలు.

మూడేండ్లు పాత హెడ్‌ఫోన్లతోనే విన్న.
వాటికి వెనక జాలి.
పేరుకే జాలి,
పక్కోళ్ల మీద ఇంత జాలి లేదు.
"చెవులకు గాలాడుతదన్నా" అన్నడు అమ్మినోడు,
పాట గూడ బయటికి పోయి ఆడుతదని చెప్పలే.

ఒకనాడు మల్సూరు సార్ నా దిక్కు తిరిగి
"ఏందయ్యా, నీ తలకాయల బల్లి చొచ్చిందా,
చిట్ చిట్ అంటున్నది?" అన్నడు.
అందరూ నవ్విన్రు. నేనూ నవ్విన.
అప్పుడు తెలిసింది,
కండా, ఊపిరీ, నొప్పీ నా చెవులనే ఉంటున్నయి.
వాళ్లకు పోయేటివి
పాట ఎముకలు.

శనివారం ప్రకాశం బజార్‌కు పోయిన.
"వెనక మూసినయి చూపియ్యి" అంటే
పిలగాడు మూడు డబ్బాలు దించిండు.
మొదటిది కండ్లద్దాల కాడను
కణతలకు దిగగొట్టింది.
రెండోది నిండు గుమ్మి మీద గుద్దినట్టు ఒక్కటే దమదమ,
నా సన్నాయి వడ్లల్ల పడి మునిగిపోయింది.
మూడోదానికి రంగు లేదు, రూపం లేదు.
"నేను పెట్టుకుంట, నువ్వు పక్కకొచ్చి నిలబడు,
ఏమన్న ఇనొస్తున్నదా?"
పిలగాడు వంగి, చెవి ఆనిచ్చి,
"మీరు ఊపిరి తీసుడు ఇనొస్తున్నది సార్" అన్నడు.
ఇదే కట్టియ్యి అన్న.
రెండువేల ఎనిమిది వందలు.
బేరమాడుడు మర్చిపోయిన.

సోమవారం నుంచి
ప్రింటర్ దగ్గు లేదు, హాస్టల్ ఫీజు లేదు.
నల్లగొండ ఎండకు, మూతల కింద
చెవులు ఆవిరి కుడుములైనయి, అయితేమాయె.
పదకొండింటికి నఫీసా బత్తాయి ఒలిస్తే మాత్రం
వాసన తెలుస్తనే ఉన్నది,
ముక్కుకు మూత ఎవడూ అమ్మడు గద.
నన్ను పిలువాలంటే జానయ్య
రబ్బరు ముక్క ఇసురుతున్నడు.

బేస్తారం నాడు నఫీసా వచ్చి భుజం తట్టింది.
"మీ పాట బందయిందా అన్నా?"
లేదమ్మా, నడుస్తున్నది.
"నాకొస్తలేదు."

నల్లా వస్తలేదన్నట్టు
అంత మామూలుగ అన్నది.

"ఛన్ ఛన్ అని వచ్చేది గద,
జరసేపు ఆగి మల్ల ఉరికేది,
మా మేనమామ పెండ్లిల మర్ఫా లెక్క.
అది మొదలైతేనే నేను సర్వే నంబర్లు కొట్టేది."

మర్ఫానా!
తీసి ఆమె చెవులకు పెట్టిన, చున్నీ మీదికెళ్లే.
కండ్లు మూసుకున్నది.
సన్నాయి పైకి పోయి, వణికి,
మెల్లగ దిగే జాగ దాక విన్నది.
తర్వాత రెండు చేతులతోని పట్టుకొని తిరిగిచ్చింది.
"మంచిగున్నది అన్నా.
కానీ ఇది నాది కాదు."

ఆ సాయంత్రం అందరూ పోయినంక
సొరుగుల నుంచి పాతవాటిని తీసిన.
నురుగు మెత్తలు పొట్టు పొట్టు రాలుతున్నయి.
సన్నాయి పెట్టి, చప్పుడు నిండా పెంచి,
నా బల్ల మీద బోర్లేసి
పోయి ఆమె కుర్చీల కూర్చున్న.
కీబోర్డు మీద ఇంకా బత్తాయి వాసన.

మొదలు బల్లే.
చానాసేపు బల్లే.
ఆ తర్వాత ఎవరో నడుస్తున్నట్టు,
ఆగినట్టు,
గల్లీ మలిగి ఊరేగింపు ఒక్కసారే ఉరికినట్టు.
ఇన్నేండ్లు విన్న గని
దీన్ని విననే లేదు.

కింద ఎరువుల శంకరయ్య షట్టర్ దించిండు.
అది పాటలదో, బయటదో
జరసేపు తెల్వలే.